39 డాలర్ల గదికి 101 డాలర్ల బిల్లు

లాస్ వేగాస్‌లో వారం మధ్యలో, పెద్ద సమావేశాలేవీ లేని రోజుల్లో, స్ట్రిప్ (పెద్ద క్యాసినో హోటళ్ళు వరుసగా ఉన్న ప్రధాన వీధి) మీది హోటల్ గదికి అసలు అద్దె రాత్రికి 39 డాలర్లు ఉండటం వింతేమీ కాదు. హైవే పక్కనున్న మామూలు మోటల్ కూడా చాలాచోట్ల అంతకంటే ఎక్కువే అడుగుతుంది. ఇప్పుడు కాగితం, కలం తీసుకుని ఆ 39 కింద మిగతా అంకెలు వేసుకుంటూ పోదాం. రిసార్ట్ ఫీజు, అంటే కొలను, వ్యాయామశాల లాంటి వసతుల పేరుతో హోటల్ తప్పనిసరిగా కట్టించుకునే మొత్తం, 50 డాలర్లు అనుకుందాం. స్ట్రిప్ మీద చాలా హోటళ్ళు ఆ చుట్టుపక్కలే వసూలు చేస్తున్నాయి. రెండూ కలిపితే 89. ఆ మొత్తం మీద 13.38 శాతం బస పన్ను, అంటే 11 డాలర్ల 91 సెంట్లు. పన్ను గది అద్దె మీదే కాకుండా రిసార్ట్ ఫీజు మీద కూడా పడుతుంది. వెరసి 100 డాలర్ల 91 సెంట్లు. కారులో వెళ్తే పార్కింగ్‌కు ఇంకో ఇరవై డాలర్లు కలుపుకోవాలి. అసలు కంటే కొసరు ఎక్కువ అని మన పెద్దలు అన్నది ఇలాంటి వ్యవహారం గురించే.

101 డాలర్లు ఎక్కువని నేను అనడం లేదు. ఆ డబ్బుకు వేగాస్ నడిబొడ్డున శుభ్రమైన గది రావడం మంచి బేరమే. నా అభ్యంతరమంతా ఆ ధరను ముక్కలు చేసి చెప్పడం గురించి. వద్దంటే మానేసే వీలు లేని మొత్తానికి ఫీజు అని పేరెందుకు? అది ధరలో భాగం. హోటల్ దాన్ని ఏ పేరుతో పిలిచినా మన లెక్కలో మాత్రం అద్దెతో కలిపే రాసుకోవాలి. క్యాసినో హోటళ్ళలో డబ్బు ఆదా చేయాలనుకునేవారు డిస్కౌంటు కోసం వెతకడానికి ముందు చేయవలసిన పని ఇదొక్కటే: అన్నీ కలుపుకుని రాత్రికి ఎంతవుతుందో ఒకే అంకెగా రాసుకుని, ఆ అంకెలనే ఒకదానితో ఒకటి పోల్చుకోవాలి.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ భారం మోసేవారిలో మన కుటుంబాలు చాలా ఉన్నాయి. నేను ఉండేది కాలిఫోర్నియాలో. ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చినప్పుడు గ్రాండ్ కాన్యన్ చూపించకుండా పంపడం మన ఇళ్ళలో జరగదు. దారిలో బస వేగాస్‌లోనే. కాన్యన్ పడమటి అంచు వెస్ట్ రిమ్‌కు అక్కడి నుంచి రెండున్నర గంటలు, దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కు నాలుగున్నర గంటల ప్రయాణం. తెల్లవారకముందే బయలుదేరి, రాత్రి తిరిగి వచ్చి, కాళ్ళు బార్లా చాపుకుని నిద్రపోయేవారికి హోటల్ వ్యాయామశాలతో పనేముంది? ఈత కొలనులో దిగే తీరికెక్కడ? అయినా రెండు గదులు, మూడు రాత్రులు తీసుకుంటే రిసార్ట్ ఫీజు 300 డాలర్లు, దాని మీద పన్ను 40 డాలర్లు. జూదం జోలికి వెళ్ళని, కొలను వైపు తొంగి చూడని పెద్దవాళ్ళ పేరు మీద 340 డాలర్లు.

ఈ పద్ధతి ఎలా మొదలైందో తెలిస్తే దాన్ని ఎదుర్కోవడం తేలిక. రిసార్ట్ ఫీజులు 1990ల చివర సముద్రతీర విహార కేంద్రాల్లో కనిపించసాగాయి. తువ్వాళ్ళు, కొలను, కుర్చీలు వగైరాలకు కలిపి ఒక మొత్తం. తర్వాత వేగాస్ అందిపుచ్చుకుంది. అందుకు బలమైన కారణాలు రెండు. ఇంటర్నెట్‌లో హోటళ్ళను ధర వరుసలో చూడటం జనానికి అలవాటైంది. అద్దె తక్కువగా చూపిన హోటల్ పై వరుసలో ఉంటుంది. బుకింగ్ సైట్లకు ఇచ్చే కమీషన్ గది అద్దె మీదే లెక్కగట్టేవారు; ఫీజు కింద తీసుకున్నదంతా హోటల్‌కే మిగిలేది. అద్దె తగ్గించి ఫీజు పెంచితే రెండు వైపులా లాభం. వేగాస్‌లో ఎన్నో క్యాసినో హోటళ్ళు నడిపే సీజర్స్ సంస్థ కొంతకాలం తమ దగ్గర రిసార్ట్ ఫీజు లేదని గొప్పగా ప్రచారం చేసుకుంది. 2013లో ఆ సంస్థ కూడా వసూలు మొదలుపెట్టింది. పక్కవాడు 30 తగ్గించి చూపిస్తుంటే నిజం ధర చెప్పినవాడు వెనకబడిపోతాడు. ఒక్క హోటల్ నిజాయితీతో ఇది తీరదని అప్పుడే తేలిపోయింది.

ప్రభుత్వం కదలడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2012లో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 22 హోటల్ సంస్థలకు హెచ్చరిక లేఖలు రాసింది. ఫీజును విడగొట్టి చూపడం వల్ల వినియోగదారులకు నష్టమేనని 2017లో అదే కమిషన్ ఆర్థిక విశ్లేషణ తేల్చింది. 2019లో వాషింగ్టన్ డీసీ అటార్నీ జనరల్ మారియట్ మీద, నెబ్రాస్కా అటార్నీ జనరల్ హిల్టన్ మీద దావాలు వేశారు. కాలిఫోర్నియాలో 2024 జులై 1 నుంచి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే చూపించాలనే చట్టం వచ్చింది. చివరికి 2025 మే 12 నుంచి దేశమంతటికీ ఫెడరల్ నిబంధన అమల్లోకి వచ్చింది. హోటళ్ళు, ప్రదర్శనల టికెట్ల విషయంలో తప్పనిసరి ఫీజులు కలిపిన మొత్తం ధరను ముందే, ప్రస్ఫుటంగా చూపించి తీరాలి. కాబట్టి పైన చెప్పిన గది ఇప్పుడు తెర మీద 39కి బదులు 89గా కనపడాలి.

ఇది చిన్న విజయం కాదు. కానీ ఆ నిబంధన ఫీజును రద్దు చేయలేదు, దానికి హద్దూ పెట్టలేదు. ప్రభుత్వ పన్నులను మొదటి అంకెలో కలపకుండా తర్వాత చూపించవచ్చు. పార్కింగ్ లాంటివి మన ఇష్టం మీద ఆధారపడినవి కాబట్టి అందులోకి రావు. అన్నిటికంటే ముఖ్యం, డిస్కౌంట్లు ఇప్పటికీ ఎక్కువగా అసలు అద్దె మీదే ఇస్తారు. మళ్ళీ మన 39 డాలర్ల గదికే వద్దాం. దాని మీద 30 శాతం తగ్గింపు అని మెయిల్ వచ్చిందనుకోండి. అద్దె 27 డాలర్ల 30 సెంట్లు అవుతుంది. ఫీజు అదే 50. పన్నుతో కలిపి 87 డాలర్ల 64 సెంట్లు. 101 నుంచి తగ్గింది 13 డాలర్లు. ముప్పై శాతం అన్నది బిల్లు దగ్గరికొచ్చేసరికి పదమూడు శాతమైంది. గది పూర్తిగా ఉచితం అని పిలిచినా, ఫీజు మాఫీ అని విడిగా రాసి ఉంటే తప్ప, రాత్రికి 56 డాలర్ల 69 సెంట్లు కట్టవలసి వస్తుంది. అందుకే తగ్గింపు శాతాలు చూసి సంబరపడవద్దని అడిగిన ప్రతివారికీ చెబుతాను.

మరి నిజంగా డబ్బు మిగిలేది ఎక్కడ? తేదీల్లో. కూపన్లన్నీ కలిపినా తేదీ మార్చుకోవడంతో సాటి రావు. ఆదివారం నుంచి గురువారం దాకా ఒక ధర, శుక్ర శనివారాల్లో అదే గదికి రెట్టింపో మూడింతలో. జనవరి మొదట్లో సీఈఎస్ అనే భారీ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగే వారం, 2023 నుంచి నవంబరులో జరుగుతున్న ఫార్ములా వన్ పందెం, కొత్త సంవత్సరం రాత్రి, ఈ రోజుల్లో వేగాస్ వైపు చూడకపోవడమే మేలు. నగర పర్యాటక సంస్థ ఏయే తేదీల్లో ఏ సమావేశం ఉందో, ఎంతమంది వస్తారో క్యాలెండర్ ప్రచురిస్తుంది. ఎవరైనా చూడవచ్చు. లక్ష మంది దిగే వారం తప్పించి పక్క వారానికి జరిగితే చాలు, ఏ కోడూ కొట్టకుండానే అద్దె సగానికి పడిపోతుంది. క్రిస్మస్‌కు ముందు డిసెంబరు రోజులు, జులై ఆగస్టు వారం మధ్య రోజులు చవక. ఆ ఎండలు రాజమండ్రి రోహిణి కార్తె చూసినవారికి కొత్త కాదు గానీ, పెద్దవాళ్ళను పగలు బయట తిప్పకపోవడమే మంచిది. మనకు కుదిరే పద్ధతి ఒకటుంది: వారాంతం దారిలోనో బంధువుల ఇంట్లోనో గడిపి, సోమ మంగళ బుధవారాలు వేగాస్‌కు పెట్టుకోవడం. సెలవు రెండు రోజులు ఎక్కువ పెట్టవలసి రావచ్చు. నలుగురైదుగురి కుటుంబానికి అది కలిసొచ్చే లెక్కే.

ఇంకొకటి, రద్దు చేసుకునే వీలున్న బుకింగ్ హోటల్ సొంత సైట్‌లో చేసుకోవాలి. చాలా హోటళ్ళు రెండు మూడు రోజుల ముందు దాకా రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇస్తాయి. వేగాస్ ధరలు రోజూ మారతాయి. వారానికోసారి చూస్తూ, తగ్గినప్పుడు కొత్తది తీసుకుని పాతది రద్దు చేస్తే సరి. డబ్బు ముందే కట్టించుకునే ఇతర బుకింగ్ సైట్లలో ఈ వెసులుబాటు సాధారణంగా ఉండదు. పైగా కొన్నిచోట్ల రిసార్ట్ ఫీజు విడిగా హోటల్ కౌంటర్ దగ్గర కట్టవలసి వస్తుంది.

క్యాసినో సభ్యత్వ కార్డుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. అసలు వల అక్కడే ఉంది. కార్డు తీసుకోవడం ఉచితం, తీసుకోవాలి కూడా. సభ్యుల ధర అని కొంత తగ్గిస్తారు, దానికి ఒక్క సెంటు ఆడనక్కర్లేదు. ఆ పై మెట్టు దగ్గరే జాగ్రత్త కావాలి. సీజర్స్‌లో డైమండ్ స్థాయికి చేరితే రిసార్ట్ ఫీజు మాఫీ. మరో పెద్ద క్యాసినో సంస్థ ఎంజీఎంలో గోల్డ్ స్థాయికి మాఫీ. "ఇంకొంచెం ఆడితే ఫీజు తప్పుతుంది కదా" అనే ఆలోచన ఇక్కడే పుడుతుంది. లెక్క చూడండి. సీజర్స్ డైమండ్‌కు ఏడాదిలో 15,000 టియర్ క్రెడిట్లు (స్థాయి పెరగడానికి లెక్కించే పాయింట్లు) కావాలి. స్లాట్ మెషీన్ మీద 5 డాలర్లు ఆడితే ఒక క్రెడిట్. బోనస్ క్రెడిట్లు పక్కన పెడితే 75,000 డాలర్ల పందేలు మెషీన్‌లో తిరగాలి. మెషీన్ సగటున వందకు ఎనిమిది మిగుల్చుకుంటుందనుకుంటే 6,000 డాలర్లు పోయినట్టు. ఆ 6,000తో 50 డాలర్ల రిసార్ట్ ఫీజు 120 రాత్రులకు కట్టవచ్చు. ఏడాదిలో 120 రాత్రులు వేగాస్‌లో గడిపే కుటుంబం నాకు తెలిసి లేదు. ఫీజు తప్పించుకోవడం కోసం ఆడటం కంటే ఫీజు కట్టేయడం వందరెట్లు నయం.

జూదం ఆడకుండా ఫీజు తప్పించుకునే దారులు కొన్ని ఉన్నాయి, అవి తెలుసుకోవడం దండగ కాదు. హిల్టన్ పాయింట్లతో తీసుకున్న ఉచిత రాత్రులకు రిసార్ట్ ఫీజు ఉండదు. వేగాస్‌లో 2021లో తెరిచిన రిసార్ట్స్ వరల్డ్‌లోని హిల్టన్, కాన్రాడ్ హోటళ్ళలో ఆ పాయింట్లు చెల్లుతాయి. క్రెడిట్ కార్డుల ద్వారా ఆ పాయింట్లు పోగుచేసుకున్న మన ఐటీ ఉద్యోగులు ఎందరో ఉన్నారు. హయత్ కూడా ఉచిత రాత్రులకు ఫీజు తీసుకోదు. మారియట్ అలా కాదు, పాయింట్లతో ఉన్నా ఫీజు కట్టించుకుంటుంది. క్యాసినోలకు, ఈ హోటల్ సంస్థలకు మధ్య పొత్తులు స్థిరంగా ఉండవు. ఎంజీఎంకు హయత్‌తో ఉన్న ఒప్పందం 2023లో ముగిసి మారియట్‌తో కొత్తది వచ్చింది. ఆ మార్పుతో ఎంతోమంది వేసుకున్న ప్రణాళికలు తలకిందులయ్యాయి. కాబట్టి మూడేళ్ళ కిందటి సలహా పట్టుకుని బుక్ చేయకండి.

స్ట్రిప్ మీదే దిగాలన్న నియమమూ ఏమీ లేదు. బెలాజియో హోటల్ ముందు నీటి ఫౌంటెన్లు చూడటానికి టికెట్ లేదు, లోపలి పూలతోట చూడటానికీ లేదు. అక్కడ దిగనివారు కూడా ఎంతసేపైనా చూడవచ్చు. స్ట్రిప్‌కు కాస్త దూరంలో క్యాసినో లేని సూట్ హోటళ్ళు ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల రిసార్ట్ ఫీజు లేదు, ఉదయం ఫలహారం అద్దెలోనే, గదిలో వంటగట్టు, ఫ్రిజ్, మైక్రోవేవ్. అద్దె 39కి బదులు 110 అని కనిపిస్తుంది, అందుకే మనవాళ్ళు దాటేస్తారు. పార్కింగ్ కూడా కలిపి మొత్తం అంకె వేసి చూస్తే రెండూ పక్కపక్కన నిలుస్తాయి. భోజనం ఖర్చు కూడా కలిపితే ఆ 110 డాలర్ల గదే చవక. పైగా లిఫ్టు దాకా వెళ్ళడానికి స్లాట్ మెషీన్ల మధ్య నుంచి, సిగరెట్ పొగలోంచి పిల్లలను నడిపించుకుపోవలసిన అవసరం ఉండదు. 21 ఏళ్ళు నిండనివారు క్యాసినో నేల మీద ఆగకూడదు కూడా. పిల్లలు, పెద్దలు ఉన్న కుటుంబాలకు నేను మొదట చెప్పేది ఈ హోటళ్ళ గురించే.

క్యాసినో హోటల్‌లోనే దిగితే, గదిలోకి అడుగుపెట్టగానే చూసుకోవలసింది ఫ్రిజ్. మన ఇంటి ఫ్రిజ్ అలవాటుతో చూస్తే అది ఫ్రిజ్ లాగే కనపడుతుంది. లోపల సీసాలు, చాక్లెట్లు, జీడిపప్పు డబ్బాలు గుంటల్లో బిగించినట్టు వరుసగా ఉంటాయి. చాలా హోటళ్ళలో వాటి కింద సెన్సర్లుంటాయి. సీసా తీసి కాసేపు పక్కన పెడితే అమ్ముడైనట్టు బిల్లులోకి ఎక్కుతుంది. కొన్నిచోట్ల మన వస్తువులు అందులో పెట్టుకున్నందుకు కూడా విడిగా రుసుము ఉంటుంది. మా పిన్ని వచ్చినప్పుడు పెట్టె ఇంకా తెరవకుండానే ఫ్రిజ్ తలుపు తీసి, "అమ్మాయ్, ఈ సీసాలు కింద పెట్టి మన పెరుగు ఇందులో సర్దనా?" అంది. "వద్దు పిన్నీ, వాటిని ముట్టుకోకు. ఇంకో ఫ్రిజ్ వస్తోంది" అన్నాను. బాబాయికి ఇన్సులిన్ ఉంది. మందుల కోసం ఖాళీ ఫ్రిజ్ కావాలని బయలుదేరే ముందే ఫోను చేసి చెప్పి ఉంచాను. గంటలో చిన్న ఫ్రిజ్ తెచ్చి పెట్టారు, దానికి బిల్లు వేయలేదు. మామూలుగా అడిగితే రోజుకింత అని తీసుకునే హోటళ్ళు కూడా మందుల కోసమంటే సాధారణంగా ఉచితంగానే ఇస్తాయి. చక్కెర వ్యాధి లేని పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది? ఈ ఒక్క మాట ముందే అడిగి పెట్టుకోండి.

మరొకటి కాఫీ. వేగాస్‌లో చాలా పెద్ద హోటళ్ళ గదుల్లో కాఫీ మెషీన్ ఉండదు. కిందికి దిగి వరుసలో నిలబడి కొనుక్కోవాలని, దారిలో మెషీన్లు కనపడాలని వాళ్ళ ఉద్దేశం. పొద్దున ఐదింటికి లేచే అమ్మకు, నాన్నకు అది నరకం. చిన్న ఎలక్ట్రిక్ కెటిల్, పాలపొడి, కాఫీపొడి పెట్టెలో వేసుకుంటే ఆ గొడవ తీరుతుంది. అమెరికాలో కరెంటు 120 వోల్టులు కాబట్టి ఇండియా కెటిల్ పనికిరాదు; ఇక్కడ కొన్నదే తేవాలి. నీళ్ళ సీసాల కేసు దారిలో కిరాణా దుకాణంలో తీసుకోండి. గదిలో బల్ల మీద అందంగా పెట్టిన నీళ్ళ సీసా ఉచితమో కాదో మెడకు కట్టిన చీటీ చదివాకే మూత తీయాలి.

పార్కింగ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 2016 దాకా స్ట్రిప్ మీద అది ఉచితం. ఆ ఏడాది ఎంజీఎం వసూలు మొదలుపెట్టాక మిగతావారు చాలామంది అదే దారి పట్టారు. వేగాస్‌లో ఉన్నంతకాలం కారు అవసరం లేకపోతే, కాన్యన్‌కు వెళ్ళే రోజుకే అద్దెకు తీసుకోండి.

క్యాసినో ఏటీఎంలో డబ్బు తీయవద్దు. ఒక్కసారికి పది డాలర్ల దాకా రుసుము పడుతుంది. షో టికెట్లు ఉచితమని దారిలో ఆపి పిలిచేవారి వెంట వెళ్తే టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు విడిదిలో ఉండే హక్కు) అమ్మకపు ప్రసంగం గంటల తరబడి వినాలి. రెస్టారెంటు బిల్లులో పన్ను, టిప్పు కాక ఇంకో చిన్న శాతం కనిపిస్తే అది ఏమిటో అడగండి, తప్పనిసరి కాకపోతే తీసివేయమనండి. సరదాకు టేబుల్ దగ్గర కూర్చునేవారు బ్లాక్‌జాక్ అనే పేకాట బల్ల మీద రాసింది చదవాలి. రెండుకు మూడు (3:2) అని ఉంటే 15 డాలర్ల పందేనికి మొదటి రెండు ముక్కల్లోనే 21, అంటే బ్లాక్‌జాక్, వస్తే 22 డాలర్ల 50 సెంట్లు వస్తాయి. ఐదుకు ఆరు (6:5) అని ఉంటే 18 మాత్రమే. ఆట అదే, ముక్కలవే. ఆ నాలుగున్నర డాలర్లు కూడా నా దృష్టిలో చెప్పకుండా తీసుకునే ఫీజే.

ఈ మాటలన్నీ చెబితే కొందరు మిత్రులు వాదిస్తారు: జూదగాళ్ళు పోగొట్టుకున్న డబ్బుతో మనకు గది చవగ్గా వస్తోంది, ఇంకా ఫిర్యాదెందుకని. ఒకప్పుడు అది నిజం. గది, భోజనం నష్టానికి ఇచ్చి బల్ల దగ్గర రాబట్టేవారు. ఇప్పుడు స్ట్రిప్ మీది పెద్ద హోటళ్ళ ఆదాయంలో జూదం వాటా సగం కంటే తక్కువ. గదులు, తిండి, ప్రదర్శనలే ఎక్కువ తెస్తున్నాయి. ఆడని కుటుంబాన్ని ఎవరూ పోషించడం లేదు, తన గది ఖర్చు తనే పూర్తిగా భరిస్తోంది. ఇంకొందరు, ఎలాగూ కట్టేదే కదా, ఏ పేరున కడితేనేం అంటారు. పేరు మారితే పోలిక తప్పుతుంది. పోలిక తప్పినప్పుడు నిజం ధర చెప్పిన హోటల్ నష్టపోతుంది, దాచినవాడు గెలుస్తాడు. రెండు మూడు దశాబ్దాలుగా జరిగింది అదే.

పన్నులతో సహా మొత్తం ఒకే అంకెగా చెప్పడం అసాధ్యమేమీ కాదు. మన ఊళ్ళో పది రూపాయల బిస్కెట్ పొట్లం మీద అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర అచ్చువేసి ఉంటుంది. అమెరికాలోనే విమాన సంస్థలు 2012 జనవరి నుంచి పన్నులు, తప్పనిసరి ఫీజులు కలిపిన టికెట్ ధరనే ప్రకటిస్తున్నాయి. మొదట గొడవ చేశాయి, తర్వాత అలవాటు పడ్డాయి. విమానం టికెట్‌కు చేయగలిగింది హోటల్ గదికి చేయలేకపోవడానికి నాకు ఒక్క కారణమూ కనిపించదు. 2025 నిబంధన దగ్గర ఆగకుండా పన్నును మొదటి అంకెలోకి తేవాలి, పార్కింగ్ రుసుమును అదే పేజీలో అద్దె పక్కన పెట్టించాలి, ఉచిత గది అని పిలిచే ప్రతి మెయిల్‌లో చేతి నుంచి పోయే మొత్తం అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

అప్పటిదాకా మన జాగ్రత్తలో మనం ఉండాలి. చెక్-ఇన్ అప్పుడు హోటల్ మన బ్యాంకు కార్డు మీద గది ధర కాక ఇంకొంత మొత్తం నిలిపి ఉంచుతుంది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఫారెక్స్ కార్డు గానీ, డెబిట్ కార్డు గానీ ఇస్తే ఆ సొమ్ము తిరిగి అందుబాటులోకి రావడానికి రోజులు పడుతుంది. ఈలోగా పెద్దవాళ్ళ ప్రయాణం డబ్బంతా అందులో ఇరుక్కుంటుంది. ఇక్కడి క్రెడిట్ కార్డు మీద పెట్టండి. ఖాళీ చేసే రోజు టీవీ తెర మీదో ఫోనులోనో నొక్కి వెళ్ళిపోకుండా, కౌంటర్ దగ్గర కాగితం బిల్లు అడిగి వరుస వరుసా చదవండి. మినీబార్ (గదిలోని ఆ ఫ్రిజ్ సరుకులు) పేరుతో మీరు ముట్టుకోనిది ఉంటే అక్కడే చెబితే వెంటనే కొట్టేస్తారు.